తోలుబొమ్మలాటకు ఎంత ఇవ్వాలి, ఎందుకు ఇవ్వాలి?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర ఒక పల్లె. బ్యాంకు ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ఊరికి వచ్చి స్థిరపడ్డాను. తిరునాల కమిటీలో లెక్కలు నా చేతిలో ఉంటాయి. ఈసారి ఒక రాత్రి తోలుబొమ్మలాట పెట్టించాలని పెద్దలు కొందరు అంటున్నారు. ధర్మవరం వైపు నుంచి వచ్చే ఒక బృందాన్ని అడిగితే ఎనిమిది మందికి, వ్యాను ఖర్చుతో కలిపి, 40,000 రూపాయలు చెప్పారు. కమిటీలో ఎక్కువమంది 15,000 చాలంటున్నారు. డీజే పెడితే ఎన్నో రెట్లు జనం వస్తారనీ, అంగళ్ళకు వ్యాపారం కూడా జరుగుతుందనీ యువకులు వాదిస్తున్నారు. 'బొమ్మలవాళ్ళు ఇప్పుడు లాంప్‌షేడ్లు అమ్ముకుంటున్నారు కదా, మనం ఇవ్వడమెందుకు' అని ఒకరు, 'ఆట అయిపోయాక మనకు మిగిలేదేమిటి' అని ఇంకొకరు అడుగుతున్నారు. నాకు ఆ ఆట ఇష్టమే. కానీ లెక్కల మనిషిని కనుక లెక్కలతోనే జవాబు చెప్పాలనిపిస్తుంది, చెప్పలేకపోతున్నాను. కళకు వెల కట్టే పద్ధతి ఏదైనా ఉందా?

సమాధానం:

అయ్యా,

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఆ కళాకారులకు ఎంత ఇవ్వాలన్నది ఒకటి, ఆ ఆట మీ ఊరికి ఎందుకు కావాలన్నది మరొకటి. మొదటిదానికి రూపాయల్లోనే జవాబు చెప్పాలి, పైసలతో సహా చెప్పాలి. రెండోదానికి కూడా రూపాయల్లోనే జవాబు వెతకబోతే మీరు కమిటీలో ఓడిపోతారు, ఎందుకంటే ఆ లెక్కలో ఎప్పుడూ డీజేదే పైచేయి. వెల వేరు, విలువ వేరు అని మన భాష రెండు మాటలు పెట్టుకుంది. మీ కమిటీ ఆ రెంటినీ ఒకే పద్దులో రాయబోతున్నది కనుకనే వాదన తెగడం లేదని నాకు తోస్తున్నది.

ముందు వెల సంగతి చూద్దాం, అది మీకు అలవాటైన పని కనుక. బృందం అడిగిన 40,000లో వ్యానుకు రానూపోనూ 8,000 పోతుందనుకుందాం. మిగిలిన 32,000 ఎనిమిది మందిది. మీరు ఒక్క రాత్రే కదా అనుకుంటున్నారు గానీ, పగలంతా ప్రయాణం చేసి వచ్చి, తెర కట్టి, రాత్రంతా ఆడి, నిద్ర లేని ఒంటితో మరునాడు ఇల్లు చేరే మనిషికి అది రెండు దినాల పని. ఎనిమిది మందికి పదహారు పనిదినాలు, తలా దినానికి 2,000 రూపాయలు. ఇక కమిటీ చాలంటున్న 15,000లో వ్యాను ఖర్చు తీసేస్తే మిగిలేది 7,000, దాన్ని పదహారు దినాలకు పంచితే దినానికి 437 రూపాయల చిల్లర. ఆ కూలికి బేల్దారి మేస్త్రీ వస్తాడేమో మీ ఊళ్ళోనే కనుక్కోండి. అదీగాక ఇది ఏడాది పొడవునా దొరికే పని కాదు. ఏడాదికి ఇరవై ఆటలు దొరికే బృందమే అనుకున్నా, అడిగినంతా ఇచ్చే ఊళ్ళే అన్నీ అనుకున్నా, మనిషికి ఏడాదికి వచ్చేది 80,000, అంటే నెలకు ఏడు వేలు కూడా నిండదు. చినిగిన బొమ్మ బదులు కొత్త బొమ్మ చేసుకోవడం, మద్దెలకు తోలు మార్పించుకోవడం అన్నీ అందులోనే. అది బేరమాడవలసిన మొత్తం కాదు.

వీళ్ళు ఏటేటా ఎక్కువ అడుగుతున్నారని కూడా కమిటీలో ఎవరో ఒకరు అంటారు. అమెరికా ఆర్థికవేత్తలు విలియం బౌమోల్, విలియం బోవెన్ 1966లోనే దానికి కారణం విడమరిచి చెప్పారు. నలుగురు కలిసి వాయించవలసిన కృతికి రెండు వందల ఏళ్ళ కిందట ఎంతమంది, ఎంతసేపు కావలసివచ్చిందో నేడూ అంతమందే, అంతసేపే కావాలి. అదే కాలంలో కర్మాగారంలో ఒక్కొక్క మనిషి తీసే ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగింది, దానితో పాటు కూలి పెరిగింది, బతుకు ఖర్చూ పెరిగింది. ధర్మవరంలో మరమగ్గం మీద చీర దిగే వేగం పెరిగింది గానీ, లంకాదహనాన్ని ఎనిమిది మందికి బదులు ఇద్దరితో, రాత్రికి బదులు అరగంటలో ముగిస్తే దాన్ని ఉత్పాదకత అనలేము, ఆట తగ్గిందనే అనాలి. హనుమంతుణ్ణి ఆడించడానికి రెండు చేతులు కావాలి, రావణుణ్ణి ఆడించడానికి మరో రెండు, మద్దెల మీద ఇంకో రెండు. చుట్టూ ఉన్న పనుల్లో కూలి పెరిగే కొద్దీ ఈ ఆట ఖర్చు పెరగక తప్పదు, కళాకారుల ఆశకు అందులో పాత్ర లేదు. చేమగ్గం చీరకూ ఇదే ఇబ్బంది వచ్చింది కనుకనే 1985లో కొన్ని రకాల వస్త్రాలను చేనేతకు మాత్రమే కేటాయిస్తూ పార్లమెంటు చట్టం చేయవలసి వచ్చింది.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను ఆర్థికశాస్త్రం పాఠాలు చెప్పిన ఒక కళాశాలలో ఏళ్ళ కిందట జానపద కళల సభ జరిగింది. ఏర్పాట్లు చూసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒక వృద్ధ కళాకారుణ్ణి పిలిచి, మిట్టమధ్యాహ్నం గంటన్నర పాడించి, వక్తలందరూ 'వెల కట్టలేని సంపద' అని పొగిడాక, శాలువా కప్పి, జ్ఞాపిక చేతిలో పెట్టి పంపించాము. పారితోషికం అనే మాటే మా ఖర్చుల కాగితంలో లేదు. ఆయన గేటు దాకా వెళ్ళి, తిరిగి వచ్చి, నన్ను పక్కకు పిలిచి, 'అమ్మా, శాలువాలు ఇంట్లో శానా ఉండాయి. ఊరికి పోయేదానికి ఛార్జీలు ఇప్పిస్తారా' అని అడిగారు. అడిగేటప్పుడు ఆయన శాలువాను నాలుగు మడతలు వేసి చంకలో పెట్టుకుని ఉన్నారు. అప్పటి నుంచి 'అమూల్యం' అనే మాట ఎవరి నోట విన్నా, దాని పక్కన ఎంత చెల్లించారో చూడటం నాకు అలవాటైంది. మీ కమిటీలో 'దేవుడి కార్యం కదా, తక్కువకే చేస్తారులే' అనే మాట వస్తే, షామియానా వేసేవాణ్ణీ, లైటింగు పెట్టేవాణ్ణీ అలా అడుగుతున్నామా అని మీరు నిలదీయండి.

ఇక యువకుల వాదన. జనం వస్తారు, అంగళ్ళకు బేరాలు జరుగుతాయి అన్నది అబద్ధం కాదు. కళలకు ప్రభుత్వ సాయం కోరేవాళ్ళు కూడా అనేక దేశాల్లో ఈ వాదననే పట్టుకున్నారు, నాటకశాలకు ఒక రూపాయి ఇస్తే చుట్టుపక్కల హోటళ్ళకూ బండ్లకూ ఇన్ని రూపాయలు వస్తాయని లెక్కలు చూపించారు. నేను ఈ వాదనను నమ్ముకోను. తిరునాలకు వచ్చిన రైతు జేబులో ఉన్నది అంతే, ఆ రాత్రి బొరుగులకూ మిఠాయికీ ఖర్చు కాని డబ్బు మరునాడు సంతలో ఖర్చవుతుంది తప్ప కొత్తగా పుట్టుకురాదు. అంతకంటే ముఖ్యమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. వ్యాపారం తెస్తుంది కాబట్టి కళను పోషించాలని ఒప్పుకున్న రోజునే, అంతకంటే ఎక్కువ వ్యాపారం తెచ్చేది ఎదురైతే దాన్ని వదిలేస్తామని కూడా ఒప్పుకున్నట్టవుతుంది. డీజే వద్దని నేను అనను. పిల్లలకు ఆడిపాడుకోవడానికి ఒక రాత్రి ఉండాలి, తిరునాల మూడు రాత్రులైతే ఒకటి వాళ్ళకు ఇవ్వండి. కానీ రెంటినీ ఒకే తూకంలో వేసి తలలు లెక్కపెట్టడానికి మాత్రం ఒప్పుకోకండి.

'ఆట అయిపోయాక మిగిలేదేమిటి' అన్న ప్రశ్న చాలా పాతది, అడిగినవాళ్ళు సామాన్యులూ కారు. 1776లో స్కాట్లాండ్ ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ నటుల, గాయకుల, నర్తకుల శ్రమను ఉత్పాదకం కాని శ్రమ కింద జమకట్టాడు, పుట్టిన క్షణంలోనే ఆ పని నశించిపోతుందన్న కారణంతో. అయితే రాజునూ, సైన్యాన్నీ, న్యాయవాదులనూ, వైద్యులనూ ఆయన అదే వరుసలో నిలబెట్టాడు. అమ్ముకోవడానికి వస్తువు మిగలదన్నంత వరకే ఆయన మాట, పనికిరానివని కాదు. వస్తువు కానిది ఏమి మిగులుతుందో చెప్పడానికి ప్రయత్నించినవాళ్ళలో ఆస్ట్రేలియా ఆర్థికవేత్త డేవిడ్ త్రోస్బీ నాకు బాగా ఉపయోగపడ్డారు. 2001లో వెలువడిన గ్రంథంలో ఆయన సాంస్కృతిక విలువను ఆర్థిక విలువ నుంచి విడదీసి, సౌందర్యం, ఆధ్యాత్మికత, సామాజిక బంధం, చరిత్ర, ప్రతీక, అసలుతనం అని ఆరు పాయలుగా చూపించారు. వీటిని కూడి ఒక అంకె తీయలేము, తీయకూడదు కూడా. కానీ ఒక్కొక్క పాయ మీ ఊళ్ళో ఎక్కడ పారుతున్నదో వెతకవచ్చు.

మన ఉమ్మడి జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. శెనక్కాయ విత్తి మబ్బు కోసం చూసే ఊళ్ళలో, వాన జాడ లేనప్పుడు విరాటపర్వం చదివించడం, బొమ్మలాట ఆడించడం పెద్దలు ఎరిగిన ఆచారం. ఆ రాత్రికి ఊరు కొలిచి ఇచ్చిన గింజలు టిక్కెట్టు డబ్బుల వంటివి కావు. ఒకే భయం ఉన్న మనుషులందరూ ఒకే తెర ముందు తెల్లవార్లూ కూర్చున్నందుకు ఇచ్చినవి అవి. వాన వచ్చిందా లేదా అన్నది వేరే మాట, చేను ఎండిన మనిషి ఆ రాత్రి ఒంటరిగా గడపలేదు. చరిత్ర అంటారా, శ్రీశైలంలో శివరాత్రి జాగరణ వేళ తెర మరుగున భారతాది కథలు ఆడించడాన్ని పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో వర్ణించాడు, కాబట్టి మీ తిరునాలలో లేచే తెరకు ఏడు వందల ఏళ్ళ పైబడిన వంశం ఉంది. ఇళ్ళలో మరాఠీ మాట్లాడుకునే కుటుంబాలు తెర వెనక చేరి రంగనాథ రామాయణం ద్విపదలను నోటికి పాడతాయి, మధ్యలో హాస్యపు బొమ్మలు కేతిగాడూ బంగారక్కా మన యాసలోనే మన ఊరి సంగతులు ఎత్తి నవ్విస్తారు. సామాజిక బంధం అన్న మాటకు తరగతి గదిలో నేను చెప్పిన ఉదాహరణలేవీ దీనికి సాటిరావు.

ఒక రాత్రి ఆట రేపు ఏమవుతుందో కూడా ఏ లెక్కకూ అందదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా వనారస కుటుంబంవారు కీచకవధ నాటకం ఆడారు. వాళ్ళు తరతరాలుగా తోలుబొమ్మలు ఆడించిన వంశంవారే. ఆ పల్లె పేరే వాళ్ళ నాటక సమాజానికి పేరైంది, దాని నుంచి ఎన్నో బృందాలు పుట్టి తెలుగు ఊళ్ళన్నీ తిరిగాయి, సురభి నాటకం నేటికీ నడుస్తున్నది. ఆ పెళ్ళివారు ఖర్చులు రాసుకున్నప్పుడు, ఆ రాత్రికి ఎదురుగా ఆదాయం కింద రాయదగినది వాళ్ళకు ఏదీ కనిపించి ఉండదు.

లాంప్‌షేడ్ల సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటకు, ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది, నేను కొన్నిసార్లు వెళ్ళాను. ఒక ఇంటి వసారాలో ఒక ఇల్లాలు మేకతోలును చెక్క మీద పరిచి కూర్చుంది. నానబెట్టి, బొచ్చు గీకి, లాగి ఆరబెట్టిన తోలు అది, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అవతలి వేళ్ళ నీడ కనిపించేంత పలచన. సన్నటి ఉలిని చిన్న సుత్తితో కొడుతూ ఆమె సీత వడ్డాణానికి చిల్లులు వేస్తున్నది. దెబ్బకొక చుక్క తోలు ఊడి ఒళ్ళో పడుతున్నది. నేను కూర్చున్న గంటలో వడ్డాణం సగమే అయింది. తెర మీద నగలై మెరిసేది రంగు కాదు, ఆ చిల్లుల్లోంచి వచ్చే దీపం వెలుగు. పక్కనే ఒక గుండ్రటి లాంప్‌షేడు మీద అదే సీత ఉంది, అదే వడ్డాణంతో. ఆ సీతకు భుజం దగ్గరా మోచేతి దగ్గరా కీళ్ళు లేవు, కదలవలసిన పని లేదు కనుక.

దాన్ని చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు. ఆటకు పిలిచేవాళ్ళు కరువైన కాలంలో ఆ ఇళ్ళలో పొయ్యి వెలిగించింది ఆ లాంప్‌షేడ్లే. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ దక్కింది. కానీ మార్కెట్టు దేనికి డబ్బిస్తున్నదో గమనించండి. చేత పట్టుకుని ఇంటికి తీసుకుపోగలిగినదానికి ఇస్తుంది. తోలుకు, గీతకు, రంగుకు ఇస్తుంది. ద్విపద పాడే గొంతుకు, కాలి కింద చెక్కను తొక్కి యుద్ధం చప్పుడు పుట్టించే నేర్పుకు, సీత మాట ఎక్కడ ఆపితే ముందు వరసలో అవ్వలు కొంగు కళ్ళకు ఒత్తుకుంటారో తెలిసిన అనుభవానికి అంగట్లో గిరాకీ లేదు. వాటికి ఇవ్వగలిగినది ఊరొక్కటే, అదీ రాత్రంతా ఎదురుగా కూర్చుని. ఊళ్ళు ఇవ్వడం మానితే ఆ ఇంటి పిల్లవాడు చిల్లులు వేయడం నేర్చుకుంటాడు గానీ పాట నేర్చుకోడు, నేర్చుకోమని అడిగే ముఖం మనకూ ఉండదు. 'మనం ఇవ్వడమెందుకు' అన్నవారికి నా సమాధానం ఇది: లాంప్‌షేడు కొన్నవాడు దేనికి ఇవ్వడం లేదో, మీ ఊరు ఇవ్వవలసింది దానికే.

మీరు లెక్కల మనిషినన్నారు కనుక, మీ చేతికి పనికివచ్చే పద్ధతి ఒకటి చెబుతాను. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లోని రాయల్ థియేటర్ మీద చేసిన ఒక పరిశీలన 1997లో వెలువడింది. ఆ నాటకశాల నిలబడటానికి పన్నుల రూపంలో ఎంత ఇవ్వడానికి ఇష్టపడతారని ప్రజలను అడిగారు, అక్కడికి వెళ్ళే అలవాటు లేనివాళ్ళనూ అడిగారు. తేలిన మొత్తం ప్రభుత్వం అప్పటికే ఇస్తున్న సాయానికి తక్కువ కాలేదు, అందులో వెళ్ళనివాళ్ళ వాటా పెద్దది. ఇటువంటి లెక్కలు వేసేవాళ్ళు దానికి చెప్పే కారణాలు మీకు కొత్తగా అనిపించవు. తనకు ఎప్పుడైనా చూడాలనిపిస్తే అది ఉండాలని ఒకరు ఇస్తారు, పిల్లల కాలానికి మిగలాలని మరొకరు, ఉన్నదని తెలిస్తే చాలని ఇంకొకరు.

మీరూ ఇంటింటికీ వెళ్ళి, 'మీరు వచ్చినా రాకపోయినా, ఈ ఆట మన ఊళ్ళో ఉండాలంటే మీ ఇంటి నుంచి ఎంత?' అని అడగండి. డెన్మార్క్‌వాళ్ళ పద్ధతిలో ఒక లోపం ఉంది, నోటితో చెప్పే మొత్తం చేత్తో ఇచ్చేదానికంటే పెద్దదిగా ఉంటుంది. మన చందా పుస్తకంలో ఆ లోపం లేదు, చెప్పినవాళ్ళు అక్కడే ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఊళ్ళో మూడు వందల గడపలుంటే గడపకు 134 రూపాయలతో 40,000 దాటుతుంది. పంట పోయిన ఇంటి దగ్గర డబ్బు అడగకండి, ఆ రోజు ఇద్దరు కళాకారులకు సంగటి పెట్టమనండి, దాన్ని కూడా పుస్తకంలో రాయండి. డీజే రాత్రికి ఎంతమంది వచ్చారో యువకులు చూపిస్తే, రాలేమని చెప్పి కూడా ఇచ్చినవాళ్ళు ఎంతమందో మీరు చూపించవచ్చు. చందా చాలకపోతే దగ్గరలో ఉన్న పెద్ద కంపెనీని అడగండి. 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో, సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టదగిన పనుల్లో సంప్రదాయ కళల పోషణ కూడా ఉంది, ఆ చట్టం కిందికి వచ్చే కంపెనీలు గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం అటువంటి పనులకు వెచ్చించాలి. దానికి ఒక సంస్థ ద్వారా వెళ్ళవలసి రావచ్చు, ఈ ఏడాదికి అందకపోవచ్చు గానీ వచ్చే ఏడాదికి ఇప్పుడే కాగితం పెట్టండి.

యువకులను పక్కన పెట్టకండి, వాళ్ళకు పని అప్పగించండి. తెర కట్టేటప్పుడు సాయపడమనండి, బృందం ఒప్పుకుంటే ఒక్క ఘట్టానికైనా కరెంటు బల్బు తీసి ఆముదం దీపాలు పెట్టించమనండి, మంట కదిలినప్పుడు బొమ్మ ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది, అది వాళ్ళు చూసి తీరాలి. వీడియో తీసి యూట్యూబులో పెట్టాలని వాళ్ళకు తప్పకుండా అనిపిస్తుంది. 1957 కాపీరైటు చట్టం ప్రదర్శకుడికి తన ప్రదర్శన మీద హక్కు ఇస్తుంది. ఆ చట్టం ప్రదర్శకుల కింద నటులనూ గాయకులనూ చెప్పి ఊరుకోకుండా గారడీవాణ్ణీ పాములాడించేవాణ్ణీ కూడా పేర్కొన్నది, ప్రదర్శన ఇచ్చే మరెవరికైనా వర్తిస్తుందన్నది. కాబట్టి ముందే అనుమతి అడిగి కాగితం మీద రాసుకోండి, ఆ వీడియో మీద డబ్బు వస్తే వాళ్ళ వాటా ఎంతో అందులోనే తేల్చండి.

చివరగా మీ లెక్కల పుస్తకం గురించి ఒక మనవి. ఈ ఖర్చును 'వినోదం, ఇతరములు' అన్న పద్దులో కలపకండి, 'తోలుబొమ్మలాట కళాకారుల ప్రతిఫలం' అని విడిగా ఒక పద్దు తెరవండి, వచ్చే ఏడాది కమిటీ మారినా ఆ పద్దు కనిపిస్తుంది. సగం సొమ్ము బయానాగా వ్యాను బయలుదేరకముందే పంపండి. మిగతా సగం శ్రీరామ పట్టాభిషేకం ముగిసి, మంగళహారతి పాడి, వాళ్ళు బొమ్మలను ఒక్కొక్కటిగా పెట్టెలో సర్దుతున్నప్పుడు, తెల్లవారకముందే చేతికి ఇవ్వండి. కమిటీ సంతకాలు కావాలని పదకొండు గంటల దాకా గుడి అరుగు మీద కూర్చోబెట్టకండి, వాళ్ళు ఇల్లు చేరి నిద్రపోవాలి.